చీనీ తోట ఉన్న ఇంట్లో పండు ముట్టని పాప: ఐదు నెలల కేసు

ఆ తల్లి నా ముందు పెట్టిన కాగితంలో నాలుగే మాటలు ఉన్నాయి. పాలు, పెరుగన్నం, దోసె, బిస్కెట్లు. "ఇవి తప్ప మరేదీ నోట్లో పెట్టనివ్వదు మేడం. కూరగాయ కనబడితే పళ్లెం తోసేస్తుంది. పండునైతే చేత్తో కూడా ముట్టదు" అన్నారు. వాళ్లు వచ్చింది నార్పల వైపు ఒక పల్లె నుంచి. నాలుగెకరాల చీనీ తోట ఉన్న కుటుంబం. కోస్తా వాళ్లు బత్తాయి అనే పండునే అనంతపురంలో మేము చీనీ అంటాం. ఇంటి చుట్టూ పండ్లు కాస్తుంటే ఆ ఇంటి బిడ్డ పండు తినకపోవడం ఏమిటన్నది ఆ రోజు నా మనసులో పడిన ప్రశ్న. దానికి జవాబు దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది.

నేను అనంతపురంలో పిల్లల పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్నాను. కూరగాయలు, పండ్లు తినడం లేదని నా దగ్గరకు తీసుకువచ్చే పిల్లల్లో ఎక్కువమంది రెండేళ్లకూ ఐదేళ్లకూ మధ్య వాళ్లే. తల్లిదండ్రుల అనుమతితో ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలైన వివరాలు మార్చాను, పేరు బదులు పాప అనే రాస్తాను.

మొదటి రోజు

జూన్ చివరి వారం. పాపకు మూడేళ్ల పది నెలలు. బరువు 13.2 కిలోలు, పొడుగు 97.5 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఈ వయసు ఆడపిల్లల మధ్యస్థ బరువు 16 కిలోలకు కాస్త తక్కువ. తక్కువ బరువు అని గుర్తించే గీత 12 కిలోల దగ్గర ఉంటుంది. కాబట్టి పాప ఆ గీత దాటి కిందికి పోలేదు, కానీ దాని వైపు జారుతోంది. అసలు కలవరపెట్టింది రక్తపరీక్ష. హిమోగ్లోబిన్ 9.4 ఉంది. ఈ వయసులో 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే.

ఇలాంటి పిల్లలు వచ్చినప్పుడు ఆహారం గురించి మాట్లాడే ముందు కొన్ని విషయాలు తేల్చుకోవాలి. మింగేటప్పుడు గొంతులో అడ్డుపడుతోందా, నమలడం వచ్చా, తరచూ వాంతులవుతాయా, వయసుకు తగ్గట్టు మాటలు వచ్చాయా, తోటి పిల్లలతో కలుస్తుందా, బరువు తగ్గుతోందా. వీటిలో ఏదైనా ఉంటే అది వట్టి మొండితనం కాదు, దానికి వేరే వైద్యం కావాలి. పాపకు అవేవీ లేవు. రెండు మూడు రోజులకోసారి గట్టిగా విరేచనం అవుతుందని మాత్రం చెప్పారు. "మట్టి గానీ, సున్నం గానీ, బలపాలు గానీ తింటుందా?" అని అడిగితే తల్లి కాసేపు తల వంచుకున్నారు. "బలపాలు తింటుంది మేడం. పెట్టె పెట్టె ఖాళీ చేస్తుంది. అందరూ నన్నే అంటారని చెప్పలేదు" అన్నారు. ఇనుము లోపించిన పిల్లల్లో ఇది తరచూ కనిపించే లక్షణం. తల్లి పెంపకంలో తప్పేమీ లేదని అక్కడే, పాప నానమ్మ వినేలా చెప్పాను. పిల్లల వైద్యుడి దగ్గరకు పంపించాను. ఆయన ఐరన్ మందు రాసి, నులిపురుగుల మాత్ర వేయించారు.

తర్వాత ముందురోజు పాప తిన్నదంతా గంట గంటకూ చెప్పించుకున్నాను. పొద్దున లేవగానే సీసాతో పాలు. తొమ్మిదికి ఫోను చూస్తూ అర దోసె. పదకొండుకు మళ్లీ సీసా. మధ్యాహ్నం జేజి వెంటబడి తిప్పుతూ తినిపించిన నాలుగైదు ముద్దల పెరుగన్నం. మా వైపు నాన్న తల్లిని జేజి అంటారు. సాయంత్రం సీసా, దానితో బిస్కెట్లు. రాత్రి రెండు ముద్దలు. పడుకునే ముందు ఇంకో సీసా. సీసా మీది గీతలు చూసి లెక్క వేస్తే పాలు రోజుకు 900 మిల్లీలీటర్లు దాటుతున్నాయి. సీసాకు రెండు చెంచాల పంచదార అదనం.

ఆకలి ఎక్కడికి పోయింది

ఆ ఇంట్లో ఎవరూ వేయని లెక్క ఒకటి కాగితం మీద వేసి చూపించాను. ప్యాకెట్ పాలు 900 మిల్లీలీటర్లంటే 500 కేలరీలు దాటుతాయి. ఎనిమిది చెంచాల పంచదారతో ఇంకో 150 దాకా వస్తాయి. ఆ బరువున్న పిల్లకు రోజుకు కావలసింది 1,000 నుంచి 1,100. అంటే మూడింట రెండు వంతుల దాకా సీసాలోనే తీరిపోతోంది. దానికి బిస్కెట్లు కలిపితే ఇక బీరకాయకు చోటెక్కడిది? ఈ పాప అన్నం తిననని మారాం చేయడం లేదు, ఆమెకు ఆకలే లేదు.

పైగా పాలలో ఇనుము దాదాపు లేనట్టే. వాటిలోని కాల్షియం ఇతర ఆహారంలోని ఇనుమును కూడా సరిగా ఒంటబట్టనివ్వదు. ఈ వయసులో పాలు రోజుకు అర లీటరు దాటకూడదని చెప్పడానికి కారణం ఇదే. రక్తం తగ్గితే ఆకలి మందగిస్తుంది. ఆకలి లేని బిడ్డకు పాలైనా పడితే చాలని తల్లి మరో సీసా కలుపుతుంది. రక్తం ఇంకా తగ్గుతుంది. ఈ చుట్టు తిరుగుడు నేను ఎన్ని ఇళ్లలో చూశానో లెక్కలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఈ పాప అందులో ఒకరు.

ఇంకో మాట కూడా చెప్పాను. మొదటి ఏడాదిలో బిడ్డ బరువు మూడింతలవుతుంది. ఆ తర్వాత ఏడాదికి రెండు కిలోలు పెరిగితే గొప్ప. కాబట్టి రెండేళ్లు దాటాక ఆకలి తగ్గడం సహజం. సరిగ్గా అదే వయసులో కొత్త వస్తువును నోట్లో పెట్టుకోవడానికి భయం కూడా మొదలవుతుంది. చేదును పిల్లల నాలుక పెద్దలకన్నా పదునుగా పట్టుకుంటుంది. ఈ మూడూ ఒకేసారి రావడంతో "చిన్నప్పుడు అన్నీ తినేది, ఇప్పుడేమైందో" అని ప్రతి తల్లీ అంటుంది.

పాలు తగ్గించిన రోజులు

పాలు మానిపించమని నేను చెప్పలేదు. మూడు రోజులకోసారి వంద మిల్లీలీటర్ల చొప్పున తగ్గించి 400 దగ్గర ఆపమన్నాను. సీసా తీసేసి గ్లాసుతో, అదీ అన్నం తిన్న తర్వాతే ఇవ్వమన్నాను. ఐరన్ మందు వేసే వేళకు పాలు దగ్గరకు రానివ్వవద్దన్నాను. జేజి ఒప్పుకోలేదు. "ఏమమ్మా, తాగే ఆ నాలుగు చుక్కలు కూడా తీసేస్తే పిల్ల చిక్కి శల్యమైపోతుంది కదా" అన్నారు. ఆమె కోపంలో తప్పేమీ లేదు. పాల కోసం ఏడ్చే బిడ్డను చూస్తూ ఊరుకోమని ఒక పెద్దావిడకు చెప్పడం చాలా బరువైన మాట. రెండు వారాల్లో బరువు తగ్గితే నేనే మళ్లీ పాలు పెంచమంటానని ఆమెకు మాట ఇచ్చాను.

పదో రోజు వరకు ఆ ఇంట్లో ఏడుపులే. రాత్రి సీసా తీసేసిన రోజైతే పాప ఒంటిగంట దాకా పడుకోలేదట. తండ్రి ఎత్తుకుని తోటలో తిప్పారు. పదకొండో రోజు పొద్దున తల్లి నాకు ఫోను చేశారు. "మేడం, పాప వంటింట్లోకి వచ్చి ఆకలి అంది. ఆ మాట అనడం ఇదే మొదలు" అని చెబుతూ ఆగిపోయారు. ఆ పూట ఇంట్లో ఉగ్గాని చేశారు. పాప దానిలో బొరుగులు ఏరుకుని తింది, ఉల్లిపాయ ముక్కలన్నీ పక్కకు నెట్టేసింది. అయినా అది ఆమె నాలుగు పదార్థాల జాబితాలో లేని ఐదోది.

దోసె విషయంలో నా పొరపాటు

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. మొదటి రోజే దోసె పిండిలో ఉడికించిన పాలకూర ముద్ద కలపమని కూడా చెప్పాను. చెంచాడుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచితే తెలియదని అన్నాను. మూడో రోజుకే పాపకు తెలిసిపోయింది. దోసెను చింపి, లోపల పచ్చగా ఉన్నచోట వేలు పెట్టి, తల్లి ముఖం వైపు చూసిందట. ఆ తర్వాత మామూలు తెల్ల దోసె వేసినా మూడు వారాలు ముట్టలేదు.

నాలుగు పదార్థాలు మాత్రమే తినే బిడ్డకు ఆ నాలుగూ నమ్మకమైన చోట్లు. వాటిలో ఒకదాన్ని నేను పోగొట్టాను. కూరగాయను దాచిపెట్టి తినిపిస్తే ఆ పూటకు కొంత పోషకం లోపలికి వెళ్లవచ్చు, కానీ బిడ్డకు ఆ కూరగాయతో పరిచయం కలగదు. దొరికిపోతే ఉన్న పరిచయాలూ తెగిపోతాయి. అప్పటి నుంచి ఏది పెట్టినా కంటికి కనిపించేలా పెట్టమంటున్నాను. దోసె మీద తురిమిన క్యారెట్ చల్లాలంటే పాప ముందే చల్లాలి, వద్దంటే ఆ వైపు వదిలేయాలి. పాప మళ్లీ దోసె తినడం అలాగే మొదలైంది. సగానికి క్యారెట్, సగం తెల్లగా. మొదటి రెండు వారాలు తెల్ల సగమే తినేది.

కారం

రెండోసారి వచ్చేటప్పుడు ఆ రోజు ఇంట్లో వండిన కూర ఒక డబ్బాలో తెమ్మన్నాను. చిక్కుడుకాయ కూర. వేరుశనగ పొడి, ఎండుమిర్చి దంచి వేసిన అసలైన సీమ వంట. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది పాపకు ఎలా పెడతారు?" అని అడిగాను. "కారం కదా మేడం, ముక్కలు నీళ్లలో కడిగి పెరుగన్నంలో పెడతాను" అన్నారు.

నాకు అప్పుడు అర్థమైంది. ఈ పాప పుట్టాక తిన్న ప్రతి కూరముక్కా కడిగినదే. కడిగితే ఉప్పు పోతుంది, నూనె పోతుంది, తాలింపు వాసన పోతుంది, మంట మాత్రం ముక్క లోపల మిగులుతుంది. ఆమె దృష్టిలో కూరగాయ అంటే చప్పగా ఉండి నాలుక మండించే వస్తువు. అలాంటిదాన్ని తోసేయక ఏం చేస్తుంది?

దీనికి నేను చెప్పిన మార్పు ఒక్కటే. కారం వేయడానికి ముందే ఒక గరిటెడు కూర చిన్న గిన్నెలోకి తీయాలి. దానిలో ఉప్పు, కాస్త నెయ్యి, కావాలంటే కొబ్బరి తురుము. పప్పయినా అంతే, పచ్చిమిర్చి వేయకముందే ఆకుకూర పప్పు ఒక గరిటె పక్కకు. వేరే వంట అక్కర్లేదు, వేరే పొయ్యి అక్కర్లేదు. నెల తిరిగేసరికి సొరకాయ, బీన్స్ చెంచాలతో తినడం మొదలుపెట్టింది. ఈ ఐదు నెలల్లో దేని వల్ల ఎక్కువ ఫలితం వచ్చిందని అడిగితే, పాలు తగ్గించడం తర్వాత ఈ గరిటె పేరే చెబుతాను.

పళ్లెం ముందు ఎవరి పని ఏది

ఎలిన్ సాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పంపకం ఒకటి ఉంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి పెద్దల నిర్ణయం. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి బిడ్డ నిర్ణయం. పాప ఇంట్లో ఇది తలకిందులుగా నడుస్తోంది. ఏం తినాలో పాప నిర్ణయిస్తోంది, ఎంత తినాలో జేజి నిర్ణయిస్తున్నారు.

దాన్ని సరిచేయడానికి నేను చెప్పినవి ఇవి. అందరూ కింద చాప వేసుకుని ఒకేసారి కూర్చోవాలి. ఫోను వేరే గదిలో ఉండాలి. పాప పళ్లెంలో తను తినే పదార్థం ఒకటి తప్పకుండా ఉండాలి, పక్కన ఒక చెంచాడు కొత్తది. ఇరవై నిమిషాలు గడిచాక మాట్లాడకుండా పళ్లెం తీసేయాలి. తిన్నా మెచ్చుకోవద్దు, తినకపోయినా అడగవద్దు. ఇక "రెండు ముద్దలు తింటే చాక్లెట్ ఇస్తా" అనే బేరం పూర్తిగా ఆపాలి. లీయాన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో చిన్నపిల్లలతో చేసిన ప్రయోగాల్లో, బహుమానం కోసం తీసుకున్న పదార్థం మీద పిల్లలకు ఇష్టం పెరగకపోగా తగ్గింది. బిడ్డ వైపు నుంచి ఆలోచిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. తిన్నందుకు లంచం ఇస్తున్నారంటే అది తినదగ్గది కాదన్నమాట.

ఒక కొత్త రుచి పిల్లలకు అలవాటు కావాలంటే సాధారణంగా ఎనిమిది నుంచి పదిహేను సార్లు ఎదురుపడాలి. చాలా ఇళ్లలో మూడోసారికే "మా వాడికి అది పడదు" అని తీర్పు ఇచ్చేస్తారు. అందుకని వంటింట్లో వేలాడే క్యాలెండరు వెనక కూరగాయల, పండ్ల పేర్లు రాయించి, పళ్లెంలో పెట్టినప్పుడల్లా ఒక గీత గీయమన్నాను. తిన్నదా లేదా రాయవద్దు, పెట్టినది మాత్రమే రాయాలి. తల్లి అలాగే చేశారు. జేజి మాత్రం పాప తిన్న రోజున ఆ గీత పక్కన కుంకుమ బొట్టు పెట్టడం మొదలుపెట్టారు. నేను వద్దనలేదు. పాలు తగ్గించినందుకు నాతో సరిగా మాట్లాడని మనిషి ఆ బొట్లతోనే మా పక్షానికి వచ్చారు.

మెంతులు కూడా మొలకెత్తించాం. వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి పాప చేతే చల్లించారు. మూడో రోజుకు మొలకలు, పదో రోజుకు ఆకులు వచ్చాయి. పాప వాటిని ప్రేమగా పెంచింది, కోసి జేజికి ఇచ్చింది, ఒక్క ఆకు కూడా తినలేదు. ఈ ఉపాయం ఇతర పిల్లల దగ్గర పనిచేసింది, ఈమె దగ్గర చేయలేదు.

ఇక చీనీ

ఆగస్టు చివర మొదటిసారి తండ్రి కూడా వచ్చారు. ఇంట్లో పాపకు ఇచ్చే చీనీకాయలు ఎలాంటివి అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించారు. "మంచివి మార్కెట్ యార్డుకు పోతాయి మేడం. టన్నుల లెక్కన కదా అమ్మేది. ఇంటికి రాలినవి, మచ్చపడినవి తెస్తాం" అన్నారు. రాలిన కాయ సగం పులుపు, సగం చేదు. తొన మీది పొర తీయకపోతే ఇంకా చేదు. రసం తీస్తే గింజ నలిగి మరింత చేదు. ఏడాది పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆమెకు చీనీ అంటే అదే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మా జిల్లాలో ఎన్ని రైతు ఇళ్లు ఇలాగే ఉన్నాయో నాకు తెలుసు. మేలైన దానిమ్మ ఊరు దాటి వెళుతుంది, పగిలినది బిడ్డ చేతికి వస్తుంది. అప్పులు, బోరు ఖర్చు, ధర మీద నమ్మకం లేకపోవడం నేను ఎరగనివి కావు. అందుకే ఆయనను ఎక్కువ అడగలేదు. వారానికి ఆరు కాయలు, చెట్టు మీద పండిన మంచివి, పాప పేరున తీయమన్నాను.

ఆయన తీశారు. సాయంత్రం తోటలో కూర్చుని తొన పొర వలిచి, గింజ తీసి, తను తింటూ ఒక తొన పాప పక్కన అరిటాకు ముక్క మీద పెట్టేవారు. తినమని ఒక్కసారి కూడా అనలేదట. మొదటి వారం పాప వాసన చూసి వదిలేసింది. ఆరోసారి నాలుకతో తాకింది. క్యాలెండరులో చీనీ పేరు ఎదురుగా పదకొండో గీత పక్కన మొదటి బొట్టు ఉంది.

దానిమ్మ ఇంకా తేలిగ్గా అయింది. పెరుగన్నం ఆమెకు ఇష్టమే కాబట్టి దాని మీద నాలుగు గింజలు పెట్టారు. ఎర్రగా ఉన్నాయని మొదట ఏరి ఆడుకుంది, నాలుగోసారి నమిలింది. తింటున్న పదార్థం పక్కనే కొత్తదాన్ని కూర్చోబెడితే సగం భయం పోతుంది. వినాయక చవితికి మేనమామ పిల్లలు వచ్చినప్పుడు వాళ్లతో పాటు ఉడికిన మొక్కజొన్న పొత్తు, కీరదోస ముక్కలు తింది. పెద్దవాళ్లు నెలల తరబడి చేయలేనిది పక్కనున్న ఆరేళ్ల పిల్లవాడు ఒక్క పూటలో చేస్తాడు. వేరుశనగలు, పచ్చి క్యారెట్ ముక్కలు, గుండ్రటి ద్రాక్షలు మాత్రం ఈ వయసు పిల్లలకు అలాగే ఇవ్వవద్దని చెప్పాను. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. వేరుశనగ పొడిగా, క్యారెట్ తురుముగా, ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలుగా ఇవ్వాలి.

నవంబరు చివర

అక్టోబరులో జ్వరం వచ్చి పాప వారం రోజులు పాలకే తిరిగి వెళ్లింది. అంతా మళ్లీ మొదటికి వచ్చిందని తల్లి ఏడ్చారు. కొత్తగా నేర్చుకున్న అలవాట్లన్నీ తిరిగి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. జూన్ నుంచి మొదలుపెట్టిన దారిలో రెండోసారి నడక కాబట్టి త్వరగా నడిచారు.

ఐదు నెలల తర్వాత బరువు 14.2 కిలోలు. హిమోగ్లోబిన్ 11.3. ఇది కూరగాయల ఘనత అని చెబితే అబద్ధమవుతుంది. ఇందులో పెద్ద వాటా వైద్యుడు రాసిన ఐరన్ మందుది, పాలు తగ్గడానిది. మందు ఆపాక ఈ అంకె నిలబడుతుందా అన్నది ఆహారం మీద ఉంది, అందుకే ఫిబ్రవరిలో మళ్లీ పరీక్ష పెట్టాం. బలపాలు తినడం ఆగస్టులోనే ఆగిపోయింది. విరేచనం రోజూ అవుతోంది. పాలు 400 దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు తింటున్నవి: సొరకాయ, బీన్స్, క్యారెట్, కీరదోస, మొక్కజొన్న, టమాటా పప్పు, గుమ్మడికాయ. పండ్లలో చీనీ, దానిమ్మ, అరటి, బొప్పాయి. ఏదీ చారెడు కూడా ఉండదు, కానీ రోజూ ఏదో ఒకటి ఉంటుంది. ఆకుకూర పప్పులో కలిసి ఉంటే తింటుంది, వేపుడుగా ముట్టదు. బీరకాయ ఒకరోజు తింటే వారం రోజులు తినదు. పాలకూర అన్న మాటకే ముఖం తిప్పుకుంటుంది, దానికి కారణం నేనే.

చివరిసారి వచ్చినప్పుడు తల్లి ఆ క్యాలెండరును చుట్టి సంచిలో పెట్టుకుని తెచ్చి నా బల్ల మీద పరిచారు. కుంకుమ అంటి కాగితం వెనకంతా ఎర్రబడింది. వంకాయ పేరు ఎదురుగా పదిహేడు గీతలు ఉన్నాయి, ఒక్క బొట్టు కూడా లేదు. "ఆదివారం మళ్లీ వండుతున్నాను మేడం, కారం వేయకముందు గరిటెడు తీసి" అన్నారు.